ఓ-కోనిగ్స్‌బుర్ కోటలో పాతదెంత, కొత్తదెంత?

ప్రశ్న:
నమస్కారం. మేము జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఉంటున్నాము. వచ్చే నెల మా అమ్మానాన్నలు వస్తున్నారు. వారిని ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతంలో కొండ మీదున్న ఓ-కోనిగ్స్‌బుర్ కోటకు తీసుకువెళ్లాలని ఉంది. అయితే అది మధ్యయుగపు కోట కాదని, ఒక చక్రవర్తి ముచ్చటపడి వేయించుకున్న సెట్టింగు వంటిదని తెలిసినవారొకరు తీసిపారేశారు. నాన్నగారు చరిత్ర బోధించి పదవీ విరమణ చేసినవారు. గండికోట, కొండవీడు శిథిలాలను చూసిన ఆయన కళ్లకు ఇది బొమ్మల కొలువులా తోస్తుందేమోనని నా సందేహం. చూసివచ్చినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం:
మీకు తెలిసినవారు చెప్పినదానిలో సగమే నిజం. 12వ శతాబ్దంలోనే ఆ కొండ మీద హోహెన్‌స్టౌఫెన్ అనే జర్మన్ రాజవంశీయుల కోట ఉండేది. 1462లో అది ధ్వంసమయ్యాక, 1479లో ఆ చోటును పొందిన టీర్‌స్టైన్ ప్రభువులు ఫిరంగి దెబ్బలకు తట్టుకునేలా దళసరి గోడలతో మళ్లీ కట్టుకున్నారు. ఐరోపాలో 1618 నుండి 1648 వరకు సాగిన ముప్ఫై ఏళ్ల యుద్ధకాలంలో, 1633లో, స్వీడన్ సేనలు 52 రోజులు ముట్టడించి దానిని తగులబెట్టగా, ఆపైన రెండు శతాబ్దాలకు పైగా అడవి పాలయింది. 1871లో అల్సాస్ జర్మనీ వశమైన తరువాత, 1899లో దగ్గరలోని సెలెస్టా పట్టణం ఆ శిథిలాలను జర్మన్ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్‌కు కానుకగా ఇచ్చింది. వాస్తుశిల్పి బోడో ఎబ్‌హార్ట్ 1900 నుండి 1908 వరకు దానిని పునరుద్ధరించాడు.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఎబ్‌హార్ట్ మిగిలిన గోడలను ఆధారం చేసుకొని కట్టడమే కాక, తాను కొత్తగా పెట్టించిన రాళ్లపై ప్రత్యేకమైన గుర్తులు చెక్కించాడు. ఆ గుర్తులను వెతికే పని నాన్నగారికి అప్పగించండి, పూట ఎలా గడిచిందో తెలియదు. కోటలోని చక్రవర్తి మందిరంలో లోకప్పు మీద ఉన్న, సామ్రాజ్య చిహ్నమైన పెద్ద డేగ బొమ్మ మాత్రం 15వ శతాబ్దాన్ని కాక విల్‌హెల్మ్ దర్పాన్నే చూపుతుంది; నాకు అదీ చరిత్రగానే తోచింది.

మరొక సమాధానం:
కోట సుమారు 757 మీటర్ల ఎత్తున ఉంది, లోపల మెట్లు ఎక్కువ. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే ముందే ఆలోచించుకోండి. మబ్బులేని రోజున వెళితే రైన్ మైదానమూ, దాని ఆవల బ్లాక్ ఫారెస్ట్ కొండలూ కనిపిస్తాయి.

ఇంకొక సమాధానం:
అదే కొండ శిరస్సున, కాస్త పడమటగా, ఎడెన్‌బుర్ అనే చిన్న కోట శిథిలం ఉంది. దానిని ఎవరూ తిరిగి కట్టలేదు. ముందు దానిని చూసి, ఆ తరువాత పెద్ద కోటలోకి వెళితే ఎబ్‌హార్ట్ ఎంత చేర్చాడో నాన్నగారే తేల్చగలరు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అయితే ఎడెన్‌బుర్‌తోనే మొదలుపెడతాము. అమ్మ మెట్ల సంగతి విని, తాను కింది ప్రాంగణంలో కూర్చుంటానంటోంది.