రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350: బాటిల్ సైలెన్సర్ మోత తగ్గించేదెలా?

కాలవగట్టు:
బీఎస్4 (పాత పొగ నిబంధనల) బండి అండి. బయటి బాటిల్ సైలెన్సర్ వేసి రెండేళ్లు. మొదట్లో గంభీరంగా ఉండేది, ఇప్పుడు ఒకటే రేకు మోత. యాక్సిలేటర్ వదిలితే టపటపా పేలుతోంది. పాలకొల్లు నుంచి నరసాపురం దాకా ఇళ్లన్నీ రోడ్డు పక్కనే, తెల్లవారుజామున వెళ్తుంటే పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు. కంపెనీ సైలెన్సర్ లేదు. చివర స్టీలు పీచు కుక్కమంటున్నారు, పనికొస్తుందాండి?

రివెట్టు:
పీచు వద్దండి. నాలుగు రోజుల్లో ఎగిరి బయట పడుతుంది. కొబ్బరిపీచు కుక్కేవాళ్లూ ఉన్నారు, అది అంటుకుంటుంది.

మీ బండికి రెండు జబ్బులున్నాయి. పేలడం లీకు వల్ల. యాక్సిలేటర్ వదలగానే బయటిగాలి పైపులోకి వెళ్లి, కాలని పెట్రోలు ఆవిరిని అక్కడ అంటిస్తుంది. ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో సైలెన్సర్ నోరు సగం మూయండి. లీకున్న చోట చుస్సుమంటుంది, నల్లని మసి చార కూడా ఉంటుంది. ఇంజన్ హెడ్డుకి పైపు కలిసే చోట ఉండే రింగు ఒకసారి నలిగితే ఇక పనికిరాదు, కొత్తది వెయ్యాల్సిందే. రెండు నట్లూ మార్చిమార్చి కొంచెం కొంచెం బిగించండి. ఒకవైపే లాగేస్తే ఫ్లాంజ్ (పైపుని హెడ్డుకి పట్టే పట్టీ) వంకరగా కూర్చుని మళ్లీ లీకే.

రేకు మోతకి కారణం లోపలి గ్లాస్ ఊలు (మోతను మింగే గాజు దూది) కాలి రాలిపోవడం. చివరి మూత రివెట్లను 5 మిల్లీమీటర్ల బిట్టుతో తొలిచి, జాలీ పైపు (లోపలి బొక్కల గొట్టం) బయటికి లాగండి. బొక్కల్లో పేరుకున్న మసిని వైరు బ్రష్షుతో తియ్యాలి. జాలీకి ముందు పల్చగా స్టెయిన్‌లెస్ స్టీలు ఊలు ఒక చుట్టు, దానిపైన సైలెన్సర్లకని అమ్మే గ్లాస్ ఊలు. ఏసీ డక్టుల పసుపు ఊలు కొనకండి, అందులోని బంక కాలిపోయి పొడైపోతుంది. వేలితో నొక్కితే మెత్తగా దిగి మళ్లీ పైకి రావాలి, అంతే బిగువు. గట్టిగా కూరితే మోతను మింగదు, వదులైతే ఒక మూలకి జారిపోతుంది. చేతులకి గ్లౌజులు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. మూత పెట్టేటప్పుడు స్టీలు రివెట్లే కొట్టండి.

తణుకు లేత్:
ఒక్కటి ముందే చూడండి. టార్చి వేస్తే లోపల బొక్కలు కనిపించాలి. చవక బాటిళ్లలో కొన్నిటికి జాలీయే ఉండదు, ఖాళీ డొల్ల. దానికి ఊలు చుట్టి లాభం లేదు.

ఇంకో సంగతి, ఊలు తగ్గించేది కీచు మోతనే. సింగిల్ సిలిండర్ దబ్‌దబ్ దానికి లొంగదు. దానికి చివర డీబీ కిల్లర్ (సైలెన్సర్ నోట్లో దూర్చే, మోత తగ్గించే సన్నటి గొట్టం) ఉండాలి. దాని బొక్క 25 మిల్లీమీటర్ల కన్నా ఇరుకు పెట్టకండి, ఇంజన్ వేడెక్కి లాగడం మానేస్తుంది. దాన్ని పట్టే 6 మిల్లీమీటర్ల బోల్టుకి స్ప్రింగ్ వాషర్ వెయ్యండి, లేకపోతే అదురుకి ఊడిపోతుంది.

లంక పడవ:
మన తేమకి ఇంకోటి. సంత దాకా వెళ్లొచ్చే చిన్న ప్రయాణాల్లో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు, లోపల నీరు నిలిచి ఊలు నానుతుంది, రేకు తుప్పు పడుతుంది. అడుగున సన్నటి బొక్క ఉంటే లీకనుకుని వెల్డింగ్ చేయించకండి, అది నీళ్లు పోవడానికి పెట్టిందే. వారానికోసారి అరగంట ఆపకుండా నడపండి.

కాలవగట్టు:
టార్చి వేసి చూశానండి, జాలీ ఉంది. ఇదంతా చేశాక పోలీసులు ఆపరు కదా?

రివెట్టు:
ఆ భరోసా ఇవ్వలేనండి. 175 సీసీ దాటిన బండికి తయారీ పరీక్షలో పరిమితి 80 డెసిబెల్స్. మోత నిబంధన మీరితే 2019 సవరణ ప్రకారం 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. వాడిన కంపెనీ సైలెన్సర్ దొరికితే అదే బిగించండి, అప్పుడు ఇంత తంటా ఉండదు. అప్పటిదాకా ముందు రింగు మార్చి, పేలడం ఆగిందో లేదో చూశాకే రివెట్లు తొలవండి.