పక్క తోట కుక్కలు: ఉమ్మడి కంచె ఎట్లా వేయాలి, ఖర్చు ఎవరిది?

చీనీ రైతు, తాడిపత్రి:
చీనీ తోట, దాని వెనక గొర్రెల దొడ్డి. పక్క తోటాయన రాత్రయితే తన రెండు కుక్కలను విప్పేస్తాడు. అవి ముళ్ల తీగ కింద దూరి డ్రిప్పు పైపులు కొరుకుతున్నాయి. ఈ మధ్య గొర్రెపిల్లల మీదికీ పోతున్నాయి. హద్దు 400 అడుగులు, సగం ఎర్రనేల, సగం నల్లరేగడి. పాత కంచె గెనిమ (పొలం గట్టు) మీద ఉంది, ఆ గెనిమ ఎవరి కిందికొస్తుందో ఇద్దరికీ తెలియదు. ఆయన మంచోడే గానీ డబ్బు మాటొస్తే "కంచె కావల్సింది నీకు కదా" అంటాడు. తగవు లేకుండా పని అయ్యేదెట్లా?

కంచె మేస్త్రి, బేతంచెర్ల:
అన్నా, ముళ్ల తీగ ఎద్దునైతే ఆపుతుంది, కుక్కను ఆపదు. జానెడు సందు దొరికితే దూరుతుంది. చైన్ లింక్ జాలీ వేయండి. తీగ మందం 12 గేజీ, 2 అంగుళాల కన్ను, 5 అడుగుల ఎత్తు. 50 అడుగుల చుట్టలు 8 పడతాయి. రాతి కూసాలు, అంటే కంచె స్తంభాలు, 10 అడుగులకొకటి చొప్పున 41.

ఎర్రనేలలో 7 అడుగుల కూసం తీసుకొని 2 అడుగులు పాతితే చాలు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైపైన పాతిన కూసం ఒరిగిపోతుంది. అక్కడ ఏడున్నర అడుగులది తెచ్చి రెండున్నర దించండి. గుంతలో తవ్విన మట్టే మళ్లీ పోయొద్దు, మొరుసూ కంకరా వేసి గట్టిగా కూరాలి.

జాలీని పట్టుకునే తీగ 10 గేజీది. పైన, నడుమ, కింద మూడు వరసలు, అంటే 1200 అడుగులు, దాదాపు 25 కిలోలు. చాలామంది ఖర్చు చూసి కింది వరస మానేస్తారు, కుక్క వచ్చేది సరిగ్గా అక్కడే. మూతి పెట్టి ఎత్తితే జాలీ లేస్తుంది, తల పట్టిందంటే ఒళ్లు పట్టినట్టే. రెండు చివర్లలో, మధ్యలో ప్రతి 100 అడుగులకూ ఊత కూసం తప్పనిసరి. లేకుంటే తీగ గుంజేటప్పుడే కూసం వాలి జాలీ వదులవుతుంది.

తవ్వకుండా ఆపాలంటే కుక్క వచ్చే వైపు 2 అడుగుల వెడల్పు జాలీ నేల మీద పరిచి, అంచును కంచెకు కట్టి, పైన బండ ముక్కలు పేర్చండి. మీ ఊళ్లో పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర ముక్కలకు కొదవ లేదు. కుక్క కంచె మొదట్లోనే గోకుతుంది, వెనక్కి జరిగి తవ్వదు. కానీ ఆ పరుపు ఆయన నేలలోకి పోతుంది, ముందే అడగాలి. ఒప్పుకోకపోతే జాలీనే అడుగు లోతు పాతాలి, అప్పుడు 6 అడుగుల జాలీ కొనాలి.

సర్వే పని తెలిసినవాడు, అనంతపురం:
కూసాలు దింపకముందే సచివాలయంలోనో మీసేవలోనో ఎఫ్‌లైన్ అర్జీ, అంటే పొలం హద్దు కొలిపించే అర్జీ, పెట్టండి. సర్వేయరు పక్కాయనకూ నోటీసిచ్చి, ఎఫ్ఎంబీ (పొలం కొలతల రికార్డు) ప్రకారం కొలిచి హద్దు చూపిస్తాడు. ఆ రోజు ఆయన దగ్గరుంటే రేపటి గొడవ సగం తగ్గుతుంది.

ఖర్చు ఇద్దరూ పెట్టుకుంటే కూసాలు హద్దు గీత మీద, మీరొక్కరే పెట్టుకుంటే అరడుగు మీ లోపలికి. ఒప్పుకోకపోతే సగం ఖర్చు బలవంతంగా రాబట్టలేరు. అందుకే కుక్కల మాటతో మొదలుపెట్టొద్దు. మీ గొర్రెలు ఆయన చేన్లో పడకుండా ఆపేది కూడా ఈ కంచే, ఆ మాట ముందు చెప్పండి. డబ్బు లేదంటే కూసాలు తోలడానికి ట్రాక్టరు, ఇద్దరు మనుషులను అడగండి. ఒప్పుకున్నది కాగితం మీద రాసుకోండి: ఎవరు ఎంత పెట్టారు, తెగితే ఎవరు బాగుచేయాలి. ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు.

పశువైద్య సిబ్బంది, కడప:
కుక్క ఎందుకొస్తుందో కూడా చూడండి. గొర్రె ఈనినప్పుడు పడే మాయను దొడ్డి పక్కన పారేస్తే ఆ వాసనకే వస్తాయి. మూడడుగుల గుంతలో సున్నం చల్లి పూడ్చాలి. ఎండాకాలం పైపులు కొరికేది చాలాసార్లు నీళ్లకే, హద్దులో ఒక తొట్టి నింపి పెడితే తగ్గుతుంది.

ఆ రెండింటికీ రేబిస్ టీకా వేయించమని ఆయనతో చెప్పండి. మూడు నెలల వయసులో ఒకటి, ఇంకో నెలకు బూస్టరు (రెండో డోసు), తర్వాత ఏడాదికొకసారి. జులై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. గొర్రెను కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోండి. మనిషిని కరిచినా కడగడం అంతే, ఆలస్యం లేకుండా ప్రభుత్వాసుపత్రికి పోవాలి.

ఎవరు చెప్పినా విషం పెట్టొద్దు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల దాకా జైలు. ప్రమాదం తెలిసీ కుక్కను కట్టడి చేయని యజమాని మీద అందులోనే సెక్షన్ 291 ఉంది, అది ఆఖరి దారి. కంచెకు నేరుగా కరెంటు ఇస్తే పోయేది మనుషుల ప్రాణం.

చీనీ రైతు:
ఎఫ్‌లైన్ పెడతాను. హద్దులో ఒకచోట వాననీళ్లు పారే కాలువ ఉంది, అక్కడెట్లా?

కంచె మేస్త్రి:
అక్కడ జాలీ అడ్డంగా కట్టొద్దు. కంప కొట్టుకొచ్చి చిక్కుకుంటే నీళ్లు ఎగదన్ని కూసాలతో సహా పడేస్తాయి. కాలువకు అటూ ఇటూ ఊత కూసాలు పాతి, మధ్యన ఇనుప పైపు అడ్డం వేయండి. దానికి 3 అంగుళాల ఎడంతో పైపు ముక్కలు రింగులతో వేలాడదీయండి. నీళ్లొస్తే లేస్తాయి, తగ్గితే దిగుతాయి. ప్రతి పెద్దవాన తర్వాత చెత్త తీసేయాలి, ఆ పని ఎవరిదో కాగితంలోనే రాయించండి.