విండోస్ మీదే ఎక్కువ దాడులు: ఎక్కువమంది వాడటమే కారణమా?

కర్నూలు_కిరణ్: ఎక్కడ అడిగినా ఒకటే జవాబు: "విండోస్ అందరూ వాడతారు, అందుకే వైరస్‌లన్నీ దానికే." నేను ఒప్పుకోను. 2001లో ఎక్కువ వెబ్‌సైట్లు నడిచింది అపాచీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద. కోడ్ రెడ్, నిమ్డా వార్మ్‌లు (తమంతట తామే పాకే వైరస్‌లు) దూరింది మాత్రం మైక్రోసాఫ్ట్ వాళ్ల సర్వర్ సాఫ్ట్‌వేర్ ఐఐఎస్‌లోకి. వాడకమే కారణమైతే ముందు పడాల్సింది అపాచీ కదా?

సర్వర్_సుబ్బు: లెక్క తప్పండీ. సైట్లు కాదు, మెషీన్లు లెక్కపెట్టాలి. ఒక్క అపాచీ సర్వర్ మీదే వందల సైట్లు ఉంటాయి. దాడి చేసేవాడు రాబడి చూసుకుంటాడు. 2012లో ఫ్లాష్‌బ్యాక్ వైరస్ ఆరు లక్షలకు పైగా మ్యాక్‌లను పట్టింది. మ్యాక్‌లు అంతగా అమ్ముడవకపోతే ఎవడు రాస్తాడు?

కర్నూలు_కిరణ్: అది జావా అనే ఒరాకిల్ సాఫ్ట్‌వేర్‌లో లోపం. ఒరాకిల్ ఫిబ్రవరిలోనే సరిచేసింది, యాపిల్ ఏప్రిల్‌లో గానీ ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) ఇవ్వలేదు. ఆ సందులో దూరింది. 2004లో విట్టీ వార్మ్ అయితే ఒక కంపెనీ ఫైర్‌వాల్‌నే (బయటి దాడులను ఆపే సాఫ్ట్‌వేర్) పట్టింది. పడినవి మొత్తం సుమారు 12 వేల మెషీన్లు. అంత తక్కువమంది వాడేదానికీ వార్మ్ రాశారు.

మాధవి_హైద్: 2016లో మిరాయ్ వైరస్ పట్టినవి లినక్స్‌తో నడిచే కెమెరాలు, రూటర్లు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకపోవడం వల్లే.

సర్వర్_సుబ్బు: అవి లక్షల్లో ఉన్నాయి కాబట్టే రాశారు. కిరణ్ గారూ, సైట్లా మెషీన్లా? దానికి జవాబు రాలేదు.

కర్నూలు_కిరణ్: ఆ ఒక్కటే పట్టుకుని వేలాడుతున్నారు. 2017 మేలో వన్నాక్రై వార్మ్ మా ఆఫీసు మెషీన్లను లాక్ చేసింది. ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. ఒక్క ఆదివారం మెషీన్లు ఇవ్వండి, అప్‌డేట్ చేస్తానని మెయిల్ పెట్టాను. బిల్లింగ్ ఆగుతుందన్నారు. తర్వాత మీటింగ్‌లో "విండోస్ అంటే అంతే" అని సర్దేశారు. ఇంక్రిమెంట్ పోయింది మాత్రం నాకు. మీరు చెప్పేదీ అదే మాట!

సర్వర్_సుబ్బు: మాట తిన్నగా రానివ్వండి, నేను మీ మేనేజర్‌ని కాను. "లినక్స్ వేశాం, ఇక భయం లేదు" అని బ్యాకప్ కూడా మానేసిన క్లయింట్ నాకున్నాడు. ఎవడో పాస్‌వర్డ్ ఊహించి లోపలికొచ్చి, వాళ్ల సర్వర్ మీద క్రిప్టో మైనింగ్ పెట్టాడు. తిట్లు తిన్నది నేను. ఓఎస్సే కాపాడుతుందంటే నాకు మండుతుంది.

కర్నూలు_కిరణ్: నేనలా అనలేదు. తయారుచేసినవాడు ఏం తెరిచి పెట్టి అమ్ముతున్నాడు అన్నదే నా ప్రశ్న. 2003లో బ్లాస్టర్ వార్మ్ వచ్చింది. మరుసటి ఏడాది విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2లో ఫైర్‌వాల్ ముందే ఆన్‌లో ఉంచి ఇచ్చారు. ఆ తరహా వార్మ్‌లకు దారి బాగా మూసుకుపోయింది. వాడేవాళ్లు తగ్గారా? లేదు. వన్నాక్రై దూరిన ఎస్ఎంబీ1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) కూడా అంతే, అవసరం లేనివాళ్లకీ ఆన్‌లో ఉండేది.

సర్వర్_సుబ్బు: ఫైర్‌వాల్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ప్యాచ్ రెండు నెలల ముందే ఇచ్చాక అది వేయని ఆఫీసుదా తప్పు, మైక్రోసాఫ్ట్‌దా?

కర్నూలు_కిరణ్: ఇద్దరిదీ. వాడకానిది మాత్రం కాదు.