పెరటి టమాటకు ఏ రకం నిలుస్తుంది? ఉత్తర తెలంగాణ పెంపకందార్ల చర్చ

హన్మకొండ పెరడు:
మా ఇంటి వెనుక అర గుంటకు కొంచెం తక్కువ జాగా ఉన్నది. నేల ఎర్ర చెల్క, నీరు బోరుది, ఎండ పొద్దున తొమ్మిదింటి నుండి సాయంత్రం నాలుగింటి వరకు పడుతుంది. 2023 జూలైలో కిలో టమాట నూరు రూపాయలు దాటిన రోజుల్లో పౌరుషానికి పోయి మొదలుపెట్టిన సాగు ఇది. మొదటిసారి దుకాణంలో పేరు చెప్పకుండా ఇచ్చిన హైబ్రిడ్ నారు మనిషెత్తు పెరిగి, ఏప్రిల్ చివరి నుండి పూత పూసినది పూసినట్టే రాలిపోయింది. మరుసటి వానాకాలంలో వేసిన పూసా రూబీలో సగం మొక్కలకు ఆకుముడత వచ్చింది, మిగిలిన సగం మాత్రం చారుకు సరిపడా కాయలనిచ్చాయి. ఈసారి విత్తనం కొనే ముందు మీ మడిలో, మీ కుండీలో మీరు స్వయంగా చూసిన సంగతులు తెలుసుకోవాలని ఉన్నది. మాకు చారు, పప్పు, తొక్కు మూడూ ముఖ్యమే.

జమ్మికుంట చెల్క:
అక్కా, రకం కంటె ముందు కార్తె చూసుకోవాలి. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 22 డిగ్రీల కంటె వేడిగా ఉంటే పుప్పొడి పనిచేయదు, పిందె కట్టదు. వరంగల్ వైపు మే రాత్రులు అంతకంటె ఎంతో వేడిగా ఉంటాయి కనుక మీ పూత రాలడానికి విత్తనాన్ని తప్పుపట్టలేము. నేను పదేళ్ళుగా మఖ కార్తెలో (ఆగస్టు రెండో సగం) నారు పోసి, ఇరవై అయిదు నుండి ముప్ఫై రోజుల నారును ఉత్తర కార్తెలో (సెప్టెంబరు రెండో సగం) నాటుతున్నాను. పూత నవంబరు చల్లదనంలో పడుతుంది, డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు కోత ఉంటుంది. యాసంగికి ఇంతకు మించిన అదును నాకు కనబడలేదు.

రకాల విషయానికి వస్తే, నా దగ్గర ఎక్కువ కాలం నిలిచినవి మూడు. పూసా రూబీ ఢిల్లీ భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పాత రకం. కాయ చదునుగా, అంచుల్లో సన్నని గాట్లతో ఉంటుంది, పులుపు బాగా పలుకుతుంది, చారులో వేయగానే కరిగిపోతుంది. అయితే తోలు పలుచన, వాన పడిన మరునాడే కాయ పగులుతుంది, ఆకుముడతను తట్టుకోదు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్కా వికాస్ కాయ 80 గ్రాముల పైన తూగుతుంది, నీటి ఎద్దడికి త్వరగా లొంగదు, నా చెల్కలో వారం రోజులు బోరు చెడిపోయినప్పుడు కూడా నిలబడింది. తమిళనాడులోని పెరియకుళం నుండి వచ్చిన పీకేఎం-1 పొట్టి రకం, కొంత మేర గుబురుగా పెరిగి ఆగిపోతుంది, కాయ భుజాల దగ్గర పచ్చదనం మిగులుతుంది. తక్కువ ఊతంతో పని జరగాలనుకునే వారికి ఇది అనుకూలం. ఈ మూడూ సూటి రకాలు, అంటే హైబ్రిడ్ కానివి కనుక విత్తనం మీరే తీసి దాచుకోవచ్చు.

కాజీపేట మిద్దెతోట:
నాది మేడ మీది కుండీల సాగు కనుక నా లెక్క వేరు. రెండేళ్ళ క్రితం అర్కా రక్షక్ వేశాను. అది హైబ్రిడ్, ఆకుముడత వైరస్‌కూ, బ్యాక్టీరియా ఎండు తెగులుకూ, ముందుగా వచ్చే ఆకుమాడు తెగులుకూ ఒకేసారి తట్టుకునే గుణంతో రూపొందించినది. నాటిన నెలన్నరకు మొదటి కాయల అడుగున నల్లటి, తోలువంటి మచ్చ లోపలికి కుంగి కనిపించగానే "తెగులు తట్టుకునేదన్న మాట అబద్ధం" అని నేను నలుగురిలో చెప్పి తిరిగాను. తరువాత తెలిసింది, అది తెగులే కాదు. పన్నెండు అంగుళాల కుండీలో పొద్దున పోసిన నీరు మధ్యాహ్నానికే ఆవిరైపోతుంటే, వేరు సున్నాన్ని (కాల్షియంను) కాయ కొన దాకా చేర్చలేకపోయింది, ఆ లోటుకే అడుగు కుళ్ళింది. కోడిగుడ్డు పెంకులు ఎన్ని వేసినా లాభం లేకపోయింది, ఎందుకంటే అవి కరగడానికి నెలలు పడుతుంది. పద్దెనిమిది అంగుళాల సంచికి మార్చి, పైన ఎండుగడ్డి కప్పి, నీరు రెండు పూటలా సమంగా పోసిన తరువాత వచ్చిన గుత్తులు శుభ్రంగా ఉన్నాయి. కోడిగుడ్డు ఆకారంలో పొడుగ్గా ఉండే రకాలకు ఈ జబ్బు మరింత ఎక్కువని కుండీల వాళ్ళు గుర్తుంచుకోవాలి.

రుచి సంగతి కూడా దాచకుండా చెబుతాను. రక్షక్ కండ గట్టిది, రసం తక్కువ. తొక్కుకు దాన్ని మించినది లేదు, నీరు ఇగరడానికి పొయ్యి దగ్గర గంటలు నిలబడనక్కరలేదు. చారుకు మాత్రం చింతపండు తోడు కావలసి వస్తుంది.

జమ్మికుంట చెల్క:
చింతపండు వేసిన దానిని టమాట చారు అనడానికి మా ఇంట్లో ఒప్పుకోరు.

పరకాల రేగడి:
ఆకుముడత గురించి కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. మా ఊరి చుట్టూ పత్తి, మిర్చి తప్ప మరొకటి కనిపించదు. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమ ఈ పంటలన్నింటి మీదా బతుకుతుంది, పత్తి ముదిరి ఆకు ఎండే వేళకు పచ్చగా కనిపించిన ప్రతి పెరటి మీదికీ మళ్ళుతుంది. మిర్చి రైతులు బొబ్బర అని పిలిచే జబ్బును చూసిన వారికి టమాట ముడతను వేరుగా చెప్పనవసరం లేదు. ఆకు పైకి దొప్పలా ముడుచుకుంటుంది, కణుపులు దగ్గరపడతాయి, మొక్క అక్కడికక్కడే గిడసబారుతుంది. పొద్దున్నే మొక్కను ఒకసారి మెల్లగా కదిలించి చూడండి, ఆకుల కింది నుండి పిండి చల్లినట్టు తెల్లటి పురుగులు లేచి మళ్ళీ అక్కడే వాలితే దోమ చేరినట్టే.

తట్టుకునే రకం అంటే వైరస్ అసలు సోకదని అర్థం కాదు, సోకినా కాత ఆగదని అర్థం. సూటి రకమే కావాలనుకుంటే మొదటి నెల కాపాడితే సగం గెలిచినట్టే, ఎందుకంటే నారు దశలో సోకిన మొక్క కాయదు, కాత పట్టిన తరువాత సోకినది ఎంతో కొంత ఇచ్చే పోతుంది. నేను నారుమడి మీద దోమ దూరని సన్నటి నైలాన్ వల గుడారంలా కడతాను. నాటిన తరువాత పసుపు రంగు జిగురు అట్టలు మొక్క తలకు కొంచెం పైన వేలాడదీస్తాను, వారానికొకసారి వేపనూనె ఆకు అడుగున తగిలేలా కొడతాను. ముడత కనబడిన మొక్కను ఆ రోజే పీకి సంచిలో కట్టి పారవేస్తాను. జాలిపడి ఉంచితే పక్క మొక్కలకు అదే పుట్టిల్లవుతుంది.

నల్లరేగడిలో నాటేవారు ఎత్తు బోదె మీద నాటాలి, వానకు రెండు రోజులు నీరు నిలిస్తే ఏ రకమూ బతకదు.

ఆదిలాబాద్ చలి:
మా వైపు కార్తె లెక్క కొంచెం మారుతుంది. డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల కిందికి దిగే చోట పూత మళ్ళీ పిందె కట్టదు, కట్టిన కాయ ఎర్రబడడానికి చాలా రోజులు పడుతుంది. అందుకని నేను శ్రావణం ముగియకుండానే నాటి, చలి ముదిరేలోపు మొదటి మూడు గుత్తులు పిందెలు కట్టేలా చూసుకుంటాను. మా ఇంటి నాటు టమాట, పాతతరం వాళ్ళు రామములక్కాయ అనేవారు, గోలీకాయంత ఉంటుంది, గింజ ఎక్కువ, పులుపు ఎక్కువ. ఎండ ముదిరిన మార్చిలో పెద్ద కాయల రకాలు పూత రాల్చుకుంటుంటే ఇది మాత్రం కాస్తూనే ఉంటుంది. రెండు మొక్కలు ఎక్కడో ఒక మూలన ఉంచుకోండి, అది దానంతట అదే మొలుస్తుంది కూడా.

హన్మకొండ పెరడు:
అందరికీ ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. నిరుడు రెండు మొక్కలు పచ్చగా ఉండగానే, ఆకు పసుపు రాకుండానే, మధ్యాహ్నం వాలి మరి లేవలేదు. అది కూడా వైరసేనా?

జమ్మికుంట చెల్క:
కాదు. మొదలు దగ్గర కాండాన్ని కోసి, గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి, కోసిన కొన నీటిలో మునిగేలా కదలకుండా పట్టుకోండి. రెండు మూడు నిమిషాల్లో పాలదారం వంటిది తెల్లగా కిందికి జారితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. అది ఉన్న మడిలో కొన్నేళ్ళు టమాట, వంకాయ, మిర్చి, ఆలుగడ్డ వేయకూడదు, వేయక తప్పదనుకుంటే రక్షక్ వంటి తట్టుకునే రకమే వేయాలి.

నర్సంపేట బాట:
రకాల మాట సరే, కోతులకు ఏ రకమైనా ఒకటే. నేను కాయ అడుగున ఎరుపు జాడ కనబడగానే దోరగా కోసి ఇంట్లో గంప కింద మాగపెడతాను, రుచిలో పెద్ద తేడా రాదు. ఎండాకాలంలో ఇదే మేలు కూడా, ఎందుకంటే వేడి ముదిరితే చెట్టు మీది కాయకు ఎరుపు పట్టక నారింజ రంగులోనే ఆగిపోతుంది.

హన్మకొండ పెరడు (జనవరిలో):
మీరు చెప్పినట్టు మఖలో నారు పోసి, నిరుడు మొక్కలు వాలిన మడిలో అర్కా రక్షక్ ఆరు, దానికి దూరంగా కొత్త మడిలో అర్కా వికాస్ ఆరు, పూసా రూబీ నాలుగు నాటాను. వల కట్టినా రూబీలో ఒకటి ముడతకు పోయింది, వికాస్‌లో ఒకటి పీకవలసి వచ్చింది, రక్షక్ ఆరూ నిలిచాయి. తొక్కు రక్షక్‌తో పెట్టాము, చారుకు మా అత్తగారు రూబీ తప్ప ముట్టుకోవడం లేదు. పెద్దగా కష్టపెట్టకుండా, ఏ వంటకైనా ఒదిగినది మాత్రం వికాసే, వచ్చే ఏడు దానికే పెద్ద మడి ఇస్తాను. బాగా పండిన నాలుగు వికాస్ కాయల గుజ్జును రెండు రోజులు పులియబెట్టి, కడిగిన గింజను ఇప్పుడు పళ్ళెంలో నీడన ఆరబెట్టాను. హన్మకొండ, కాజీపేట వైపు వారెవరికైనా కావాలంటే ఇక్కడే చెప్పండి, పది మందికి సరిపోయేంత ఉన్నది.