లారా 1.9 టీడీఐ: డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ తీసి సింగిల్ మాస్ వేయించవచ్చా?

ప్రశ్న (లారా యజమాని, హైదరాబాదు)

నా దగ్గర 2009 నాటి స్కోడా లారా 1.9 టీడీఐ, అయిదు గేర్ల మాన్యువల్ బండి ఉంది. ఇప్పటికి 1,62,000 కిలోమీటర్లు తిరిగింది. ఆరు నెలలుగా ఇంజన్ ఆపిన ప్రతిసారీ, అది పూర్తిగా ఆగే ముందు క్షణంలో, గేరుబాక్స్ వైపు నుంచి ఇనుప డబ్బాలో గుండ్రాయి దొర్లినట్టు చప్పుడు వస్తోంది. ఈ మధ్య రెండో గేరులో నెమ్మదిగా కదిలేటప్పుడు వణుకు కూడా మొదలైంది. ఫ్లైవీల్ (ఇంజన్‌కూ క్లచ్‌కూ మధ్య తిరిగే బరువైన చక్రం) పోయిందని, క్లచ్ సెట్టుతో పాటు మార్చాలని మా మెకానిక్ చెప్పారు. అయితే ఇప్పుడున్న రకమే, అంటే డ్యూయల్ మాస్ వేస్తే కొన్నేళ్లకు మళ్లీ ఇదే సమస్య వస్తుందని, సింగిల్ మాస్ కిట్ వేయిస్తే దాదాపు సగం ఖర్చుతో శాశ్వతంగా బయటపడవచ్చని ఆయన సలహా. నేను రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి వెళ్లి వస్తాను, దారంతా ట్రాఫిక్కే. బండిని ఇంకో అయిదారేళ్లు ఉంచుకోవాలని ఉంది. ఈ మార్పు చేయించుకున్నవారు గానీ, చేసినవారు గానీ తమ అనుభవం చెప్పగలరా?

జవాబు (ఆటోనగర్ మెకానిక్, విజయవాడ)

అయ్యా, ముందుగా ఆ భాగం ఏ పని చేస్తుందో చూద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు మంట అంటుకుంటుంది. ఐడిలింగ్‌లో 800 ఆర్‌పీఎం అనుకుంటే నిమిషానికి 1,600 దెబ్బలు, అంటే సెకనుకు ఇరవై ఆరు, ఇరవై ఏడు. డీజిల్‌లో ఆ దెబ్బ బలంగా ఉంటుంది కాబట్టి క్రాంక్ నునుపుగా తిరగదు, ప్రతి దెబ్బకూ ఒకసారి ఉరికి ఒకసారి వెనకబడుతుంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను రెండు చక్రాలుగా చేసి, మధ్యలో గ్రీజులో మునిగిన పొడవాటి విల్లు ఆకారపు స్ప్రింగులు పెట్టినది ఈ ఉరుకును గేరుబాక్స్ దాకా పోనివ్వకుండా అక్కడే మింగేయడానికే. లుక్ (LuK) అనే క్లచ్‌ల సంస్థ 1985లో దీనిని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. తక్కువ ఆర్‌పీఎంలోనే బాగా లాగే డీజిల్ కార్లు పెరిగేకొద్దీ దీని వాడకమూ పెరిగింది. మీ బండి 1,900 ఆర్‌పీఎం దగ్గరే 250 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది, కాబట్టి దీని అవసరం మీ బండికి బాగానే ఉంది.

సింగిల్ మాస్ అంటే ఒకే ఇనుప దిమ్మ. అందులో అరిగిపోయేది ఏమీ లేదన్న మాట నిజమే, కానీ వణుకును మింగేదీ ఏమీ లేదు. ఆ భారమంతా క్లచ్ ప్లేటు మధ్యలో ఉండే చిన్న స్ప్రింగుల మీద పడుతుంది, అవి కదలగలిగే కోణం చాలా తక్కువ. మిగిలిన వణుకు గేరుబాక్స్‌లోకి పోతుంది. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటి చెప్పాలి: డ్యూయల్ మాస్‌తో వచ్చిన ప్లేటుకు సాధారణంగా స్ప్రింగులు ఉండవు, దానినే తీసుకొచ్చి సింగిల్ మాస్ మీద బిగించకూడదు. వాలియో వంటి సంస్థలు ఫ్లైవీల్, స్ప్రింగుల ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కలిపి మార్పిడి కిట్టుగా ఇస్తాయి. వేయిస్తే అటువంటి పూర్తి కిట్టే వేయించండి. విడివిడిగా ఏరిన ముక్కలు వద్దు.

ఇంకొక మాట. చప్పుడు విని ఫ్లైవీల్ పోయిందని తేల్చేయకండి. గేరుబాక్స్ దించిన తరువాత, ఫ్లైవీల్‌లోని వెనక చక్రాన్ని చేత్తో రెండు వైపులా తిప్పి, స్ప్రింగు ఒత్తిడి తగిలేదాకా ఎంత ఖాళీగా తిరుగుతోందో, అంచు పట్టి ఊపితే ఎంత ఊగుతోందో కొలిచి, తయారీదారు ఇచ్చిన పరిమితితో పోల్చాలి. ఇంజన్ మౌంటు తెగినా, ఒక ఇంజెక్టర్ డీజిల్ సరిగా కొట్టకపోయినా ఇటువంటి వణుకే వస్తుంది.

జవాబు (జెట్టా నడిపినవాడు, మిషిగన్)

నేను అమెరికాలో 2003 నాటి ఫోక్స్‌వాగన్ జెట్టా 1.9 టీడీఐకి ఈ మార్పు చేయించాను. ఇక్కడ ఆ కార్ల వాళ్లకు ఇది బాగా తెలిసిన పద్ధతి: పాత కొర్రాడో జీ60 కారు ఫ్లైవీల్, వీఆర్6 ఇంజన్ క్లచ్ కలిపి వేస్తారు. మొదటి రోజు రెడ్ లైట్ దగ్గర న్యూట్రల్‌లో ఆగితే కింద నుంచి డబ్బాలో మేకులు కదిలించినట్టు గలగలమని శబ్దం. కంగారుపడి క్లచ్ తొక్కాను, టక్కున ఆగిపోయింది. వదిలితే మళ్లీ మొదలైంది. క్లచ్ వదిలి ఉన్నంతసేపూ గేరుబాక్స్‌లోకి వెళ్లే ఇరుసు (ఇన్‌పుట్ షాఫ్ట్) తిరుగుతూ ఉంటుంది, లోడు లేని గేర్ల పళ్లు ఒకదానినొకటి కొట్టుకుంటాయి, అదే ఆ చప్పుడు. ఏసీ వేస్తే మరింత పెరిగేది. నా ప్రయాణం ఎక్కువగా హైవే మీదే కాబట్టి అలవాటు పడిపోయాను, గేరుబాక్స్‌కు నష్టమేమీ జరగలేదు. కానీ మియాపూర్ ట్రాఫిక్‌లో రోజూ గంటన్నర ఆ శబ్దం వింటూ, 1,200 ఆర్‌పీఎంలో రెండో గేరు మీద పాకవలసిన బండికి నేనైతే దీనిని సిఫారసు చేయను.

జవాబు (ఆటోనగర్ మెకానిక్, విజయవాడ)

ఆయన చెప్పినది సరైనదే. డ్యూయల్ మాస్ మళ్లీ వేయిస్తే అది ఎందుకు పోయిందో కూడా చూసుకోవాలి. స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు ఫ్లైవీల్ తన సహజ కంపనం ఉన్న వేగాన్ని దాటి వెళుతుంది. బ్యాటరీ బలహీనమై సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే అక్కడే ఎక్కువసేపు ఉండిపోయి స్ప్రింగులు దెబ్బతింటాయి. పై గేరులో తక్కువ స్పీడుతో మూలుగుతూ లాగించడమూ, హాఫ్ క్లచ్ మీద నిలబెట్టి వేడెక్కించడమూ అంతే. వేడికి లోపలి గ్రీజు బయటికి వచ్చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. శనివారం నేను దగ్గరుండి గేరుబాక్స్ దింపించాను. ఫ్లైవీల్‌కు క్లచ్ ఆనే ముఖం మీద వేడెక్కి పడిన నీలి మచ్చలు ఉన్నాయి, బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే గేరుబాక్స్ డొప్ప) లోపలి గోడంతా నల్లని గ్రీజు చింది ఉంది. ఫ్లైవీల్ వెనక చక్రం పరిమితిని మించి ఖాళీగా తిరుగుతోంది. కాబట్టి ఫ్లైవీల్ పోయిందన్న మాట నిజమే. డ్యూయల్ మాస్‌నే మళ్లీ వేయించడానికి నిర్ణయించుకున్నాను. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంక్ వెనక ఆయిల్ సీలు కూడా కొత్తవే తెప్పించాను. ఫ్లైవీల్ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగే రకం కాబట్టి పాతవి వాడవద్దని మా మెకానిక్‌కు ముందే చెప్పాను. బ్యాటరీ కొని అయిదేళ్లు దాటింది, చలికాలం పొద్దున్న సెల్ఫ్ ఈడుస్తున్నట్టు తిరగడం నాకు గుర్తే. దానినీ ఈ వారంలోనే మార్పిస్తున్నాను.