రోమా 9:22–23లో ‘సిద్ధపడి’, ‘సిద్ధపరచిన’: ఈ తేడా కావాలని పెట్టిందేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా సంఘంలో యువకుల బైబిలు స్టడీలో రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయం నడుస్తోంది. పాత తెలుగు బైబిల్లో 22వ వచనంలో ‘నాశనమునకు సిద్ధపడి ఉగ్రతాపాత్రమైన ఘటములు’ (దేవుని కోపానికి గురికావాల్సిన పాత్రలు) అన్న మాట వస్తుంది. 23కి వచ్చేసరికి ‘మహిమ పొందుటకు ఆయన ముందుగా సిద్ధపరచిన కరుణాపాత్ర ఘటములు’ అయింది. ఇది అర్థంలో తేడాయా, లేక ఒకే మాట మళ్లీ రాకుండా మార్చి రాశారా? దేవుడు కొందర్ని రక్షణకు, కొందర్ని నాశనానికి పుట్టకముందే నిర్ణయించేశాడని ఒక తమ్ముడు గట్టిగా వాదించాడు. అప్పట్నుంచి ఇద్దరు పిల్లలు ‘మేం ఏ లిస్టులో ఉన్నామో’ అని టెన్షన్ పడుతున్నారు.

జవాబు:
అన్నా, అర్థంలో తేడాయే. గ్రీకులోనూ ఉంది. మన అనువాదకులు దాన్ని జారనివ్వలేదు.

‘పడు’, ‘పరచు’ జంట ఏం చేస్తుందో పేపరు తీస్తే తెలుస్తుంది. ‘ప్రమాదంలో ముగ్గురు గాయపడ్డారు’ అని రాస్తారు. ఎవరివల్ల అన్నది ఆ క్రియ చెప్పదు. బండి అదుపుతప్పి వాళ్లే పడి ఉండొచ్చు, లారీ గుద్ది ఉండొచ్చు. అదే ‘గాయపరిచారు’ అన్నామంటే ఎవరు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. 22లో నాశనానికి సిద్ధపడిన ఘటాలున్నాయి, వాటిని సిద్ధపరచినవాడి ఊసు లేదు. 23లో ‘ఆయన’ అని వేలు పెట్టి చూపించారు.

గ్రీకులో మొదటి మాట ‘కతేర్తిస్మెన’. ఆ రూపాన్ని ‘సిద్ధం చేయబడిన’ అనీ, ‘తమను తాము సిద్ధం చేసుకున్న’ అనీ రెండు విధాలా చదవొచ్చు. రెండోది ‘ప్రొఏతొయ్మసెన్’. దానికి కర్త దేవుడే, పైగా ‘ముందుగా’ అనే ఉపసర్గ తోడుగా ఉంది. ఆ ‘ముందుగా’ కరుణ పక్కనే ఉంది, నాశనం పక్కన లేదు. ఈ అధ్యాయంలో నాకు అన్నిటికంటే విలువైన సంగతి ఇదే.

దీనిమీద మహామహులు వాదించుకున్నారు. ఈ అధ్యాయం 17వ వచనంలో వచ్చే ఐగుప్తు రాజు ఫరో నాశనానికి తగినవాడు కావడం అతని సొంత పనే అన్నాడు ప్రసిద్ధ సంఘ బోధకుడు యోహాను క్రిసోస్తొమ్, నాలుగో శతాబ్దం చివర్లో. పదహారో శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విన్ తన రోమా వ్యాఖ్యానంలో ఈ తేడాను గమనించాడు. గమనించి కూడా, రెండు సిద్ధపాట్లకూ మూలం దేవుని రహస్య సంకల్పమేనని తేల్చాడు. లూథరన్లు 1577 నాటి తమ విశ్వాస ప్రకటన ఫార్ములా ఆఫ్ కాంకార్డ్‌లో అలా ఒప్పుకోలేదు. ఘనతకు పాత్రను చేసేది దేవుడే, నాశనానికి పాత్రగా చేసేది మాత్రం సాతానూ ఆ మనిషీ అని ఇదే వచనాన్ని ఎత్తి చూపారు. 1842లో హేయర్ అనే మిషనరీ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సంఘాలు ఈ లూథరన్ సంప్రదాయానివే.

కాల్విన్ దారిలో నడిచిన వాళ్లు కూడా ఇక్కడ జాగ్రత్త పడ్డారు. 1618–19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్ మహాసభ కొందరి ఏర్పాటును (అంటే రక్షణకు ఎంచుకోవడాన్ని), తక్కినవారిని విడిచిపెట్టడాన్ని రెంటినీ దేవుని నిర్ణయమనే చెప్పింది. అయినా ఏర్పాటు విశ్వాసానికి ఎలా కారణమో, తిరస్కారం అవిశ్వాసానికి అలాగే కారణం అనే మాటను తాము అసహ్యించుకుంటామని చివర్లో రాసుకుంది.

మరో సభ్యుడు:
అక్కా, ఒక అభ్యంతరం. నాలుగు వచనాలు వెనక్కి వెళ్తే 18లో ‘ఎవని కఠినపరచగోరునో వాని కఠినపరచును’ అని ఉంది. అక్కడ పరచు ఉంది, కర్త దేవుడే. 21లో కుమ్మరి ఒకే ముద్దలోంచి రెండు రకాల ఘటాలూ చేస్తాడు. మరి 22లోని ‘పడు’ మీద ఇంత బరువు పెట్టొచ్చా?

జవాబు:
పెట్టాల్సిన అభ్యంతరమే తమ్ముడూ. 18ని దాటేసి ఈ అధ్యాయం చదవడం తప్పు.

ఆ ‘కఠినపరచు’ ఫరో కథలోంచి వచ్చింది. నిర్గమకాండం తీసి క్రియలు వరుసగా చూడు. ఏడో అధ్యాయంలో ఫరో హృదయం కఠినమైంది. ఎనిమిదిలో కప్పల బెడద తీరి ఊపిరాడగానే అతనే తన హృదయాన్ని కఠినపరచుకున్నాడు. దద్దుర్ల తెగులు వచ్చాక, 9:12లో, యెహోవా కఠినపరచాడు. ఒకే మనిషి మీద మూడు క్రియలు. నువ్వు అడగబోయేది కూడా చెప్తాను: ఇవేవీ జరగకముందే 4:21లో ‘నేను అతని హృదయాన్ని కఠినపరుస్తాను’ అని దేవుడు మోషేతో అన్నాడు. కాల్విన్ పక్షం వాళ్లకు అది గట్టి ఆధారం, కాదనను.

నేననేది ఇంతే. 18లో పరచు ఉంది కాబట్టి పరచు అనే చదువుదాం. దాన్ని తెచ్చి 22లోని పడు మీద రుద్దొద్దు. 21లో అంత సూటిగా ‘కుమ్మరి చేస్తాడు’ అన్న పౌలు, మరుసటి వచనంలో నాశనం దగ్గర కర్త పేరెత్తకుండా ఆగాడు. ఆయన ఆగిన చోట మనమూ ఆగాలి.

అన్నా, ఆ ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి 22ని చివరిదాకా చదివించండి. ఉగ్రతాపాత్ర ఘటాల్ని దేవుడు ఏం చేశాడని అక్కడ ఉంది? ‘బహు దీర్ఘశాంతముతో సహించిన’ అని ఉంది. వాక్యంలో ఆ ఘటాల విషయంలో ఆయనకు చెప్పిన పని సహించడమే. లిస్టు సంగతికొస్తే, ముందస్తు నిర్ణయం గురించి అంత కచ్చితంగా రాసిన కాల్వినే, ఏర్పాటు నిశ్చయాన్ని మీలో వెతుక్కోకండి, క్రీస్తే దానికి అద్దం అన్నాడు. వాదించిన తమ్ముడికి కూడా ఈ మాట చేరవేయండి.

ఇంకోటి. స్టడీలో ఈ వచనాన్ని వాడుక తెలుగులో చెప్పేటప్పుడు ‘నాశనానికి సిద్ధం చేసిన పాత్రలు’ అనకండి. మూలంలో లేని కర్తను అక్కడ తెచ్చిపెట్టినట్టవుతుంది. ‘నాశనానికి సిద్ధమైన పాత్రలు’ అనండి. 23లో మాత్రం ‘ఆయన ముందుగా సిద్ధం చేసిన’ అని కర్తతో సహా చెప్పండి.