తమ్ముడు శిబిరాల్లో పడి పొలం అమ్ముతానంటున్నాడు, అనుభవం ఉన్నవారు చెప్పగలరు

పరకాల పత్తిచేను
అందరికీ నమస్కారం. మా తమ్ముడు హనుమకొండలో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాడు. తోటి ఉద్యోగి పిలిస్తే నిరుడు ఒక ఫంక్షన్ హాలులో జరిగిన వ్యక్తిత్వ వికాస శిబిరానికి వెళ్లాడు. శుక్రవారం సాయంత్రం అందరి ఫోన్లూ ఒక అట్టపెట్టెలో వేయించుకుని, ఆదివారం రాత్రి పొద్దుపోయాక తిరిగి ఇచ్చారట. ఇంటికి వచ్చి బాపు కాళ్లు పట్టుకుని ఏడిస్తే మాకందరికీ సంతోషమే అయింది. తరువాత హైదరాబాదులో రెండో మెట్టు అన్నాడు, ఇప్పుడు మూడో మెట్టు అంటున్నాడు. దానికి నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి, ఇప్పుడు తన వాటాకు వచ్చిన ముప్పై గుంటలు అమ్ముతానంటున్నాడు. వద్దన్న బాపును ‘నెగెటివ్ మనిషి’ అని, దసరాకు కూడా ఇంటికి రాలేదు. వాడితో ఎలా మాట్లాడాలి, పొలం అమ్మకుండా ఆపే దారి ఉందా, కట్టిన ఫీజు తిరిగి వస్తుందా, ఆ మూడో మెట్టులో ఏం చేయిస్తారు? సంస్థ పేరు నేను రాయను, దయచేసి మీరూ ఊహించి రాయవద్దు.

కాజీపేట జంక్షన్
మీది పైసలతో పోయే వ్యవహారం, మా మేనత్తకు కాలి వేలు పోయింది. వారానికోసారి ఒకరింట్లో కూడి, తల మీద చెయ్యి పెట్టి రోగాలు నయం చేస్తామనే బృందంలో ఆమె చేరింది. మందు బిళ్ల వేసుకున్నారంటే నమ్మకం లేనట్టేనని అక్కడి పెద్దమనిషి చెప్పాడు. మేము షీటులో బిళ్లలు లెక్కపెడతామని తెలిసి, రోజుకొకటి విప్పి బియ్యం డబ్బాలో అడుగుకు జారవిడిచేది. నెలాఖరుకు డబ్బా ఖాళీ అయినప్పుడు మా వదిన చేతికి గుప్పెడు షుగర్ బిళ్లలు తగిలాయి. అప్పటికే పుండు ఎముక దాకా పోయింది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం మధుమేహం, క్యాన్సర్ వంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించుకోవడమే నేరమని నాకు అంతా అయిపోయిన తరువాత ఒక డాక్టరు గారు చెప్పారు. కరపత్రం కానీ, వాట్సాప్‌లో వచ్చిన వీడియో కానీ ఉంటే పారేయకండి. మీ తమ్ముడు ఏవైనా మందులు వాడుతుంటే అవి మాన్పించారేమో ముందు కనుక్కోండి, పొలం సంగతి తరువాత చూసుకోవచ్చు.

సుబేదారి చదువరి
నేను ఇలాంటి శిబిరానికి వెళ్లినవాడినే, నాకు మేలే జరిగింది. నలుగురి ముందు నోరు పెగలని నేను ఇవాళ మైకు పట్టుకుని గంటసేపు మాట్లాడగలుగుతున్నాను. అక్కడ ఎవరూ నన్ను పొలం అమ్మమనలేదు. ఫోను తీసుకున్నారని అదేదో ఘోరమైనట్టు రాశారు కాబట్టి అడుగుతున్నాను: విపశ్యన అనే మౌన ధ్యాన శిబిరంలో పది రోజుల పాటు ఫోను తీసుకోవడం లేదా? పక్కవారితో మాట్లాడనివ్వరు, పుస్తకం చదవనివ్వరు, రాయనివ్వరు, మధ్యాహ్నం తరువాత అన్నం పెట్టరు. దాన్ని గౌరవంగా చూస్తాము, మూడు రోజుల శిక్షణను మాత్రం అనుమానిస్తాము. ఇది ఏం న్యాయం?

నక్కలగుట్ట ధ్యాని
సుబేదారి గారూ, తెలియని విషయంలో పోలికలు తేవద్దు. విపశ్యన గురువు గోయెంకా గారు 1969లో మన దేశంలో మొదలుపెట్టిన ఆ శిబిరాలకు ఫీజు లేదు, భోజనానికి, గదికి కూడా డబ్బు అడగరు. పది రోజులు పూర్తి చేసినవారు ఇష్టపడి ఇస్తేనే విరాళం తీసుకుంటారు, కొత్తగా వచ్చినవాడు మొదటి రోజున ఇస్తానన్నా పుచ్చుకోరు. చివరి రోజున ఫోను చేతికిచ్చి, మీ బావమరదులను ముగ్గురిని చేర్పించండి అని ఎవరూ అనరు. మీ శిబిరంలో అన్నారా, అనలేదా? ముందు అది చెప్పండి.

సుబేదారి చదువరి
అన్నారు. మంచిది దొరికితే మనవాళ్లకు చెప్పడం తప్పెలా అవుతుంది? మీ దగ్గర ఫీజు లేకపోవచ్చు కానీ, మొదటి రోజే పది రోజులూ ఉంటానని మాట తీసుకోవడం ఒత్తిడి కాదా? మధ్యలో లేచిపోతానన్నవాడికి ఎంతసేపు నచ్చజెబుతారో నాకు తెలియదనుకోకండి, మా బావ నాలుగో రోజున బయటికి రావడానికి పడిన తిప్పలు నేను విన్నాను.

నక్కలగుట్ట ధ్యాని
నచ్చజెప్పడం వేరు, ఆపడం వేరు. మీ బావ బయటికి వచ్చాడు కదా. ఆ తరువాత అతనికి ఎవరైనా రాత్రి పదింటికి ఫోను చేసి, నువ్వు పిరికివాడివి, నీ భార్యకు నువ్వు న్యాయం చేయలేదని అన్నారా? మాట ఇమ్మనడానికి కూడా కారణముంది. మౌనంలో మనసు కలత చెందేవారుంటారు కాబట్టే దరఖాస్తులో మానసిక సమస్యల గురించి ముందుగా అడుగుతారు. ఫంక్షన్ హాలులో రెండు వందల మందిని కూర్చోబెట్టి, చిన్నప్పటి గాయాలను మైకులో చెప్పించి ఏడిపించేవారు అడుగుతారా?

సుబేదారి చదువరి
మా దగ్గరా ఫారం నింపించారు. మీరొక్కరే శుద్ధులైనట్టు మాట్లాడుతున్నారు.

మిత్తి లెక్కలు
ఫోను దగ్గరే ఇద్దరూ ఆగిపోయారు, అడిగినాయన అప్పు సంగతి ఎవరికీ పట్టలేదు. నూటికి మూడు రూపాయలంటే లక్షకు ఏడాదికి 36,000. ఆ తమ్ముడు జీవితంలో ఎంత వికసించినా హనుమకొండ ప్రైవేటు జీతంతో ఆ మిత్తి తీర్చలేడు. నేను చూసిన ప్రతి సంస్థలోనూ ఒకటే నడక ఉంది: మొదటి మెట్టు చవక, రెండోది ఖరీదు, మూడోదానికి వచ్చేసరికి మనిషి దగ్గర ఆగిపోవడానికి కావలసిన ధైర్యం ఉండదు, ఎందుకంటే ఇక్కడ ఆగితే అంతకుముందు కట్టినదంతా నష్టమని ఒప్పుకోవాలి. అమెరికాలో కీత్ రనియేరీ అనేవాడు నడిపిన నెక్సియమ్ సంస్థ కూడా ‘ఎగ్జిక్యూటివ్ సక్సెస్’ తరగతులతోనే మొదలైంది, అందులో చేరినవారు వ్యాపారులు, నటులు, డబ్బున్నవారి పిల్లలు. 2019లో సెక్స్ ట్రాఫికింగ్ వంటి నేరాలు రుజువై, 2020లో అతనికి 120 ఏళ్ల శిక్ష పడింది. మొదటి తరగతిలో కూర్చున్నవారికి అక్కడ తప్పు పట్టడానికి ఏమీ కనిపించి ఉండదు.

ములుగు రోడ్డు హేతువాది
అందరూ కొమ్మలు పట్టుకుని ఊగుతున్నారు, వేరు గురించి ఎవరూ మాట్లాడరు. నేను ఊరూరా తిరిగి పసుపులో సున్నం కలిపి ‘రక్తం’ చూపించినవాడిని, గ్లిజరిన్, పర్మాంగనేట్ కలిపి నిప్పు లేకుండా హోమం వెలిగించినవాడిని. ప్రశ్నించకుండా నమ్మే అలవాటు ఇంట్లో దేవుడి గూటి దగ్గరే మొదలవుతుంది. 1978 నవంబరు 18న గయానాలో జిమ్ జోన్స్ అనే మతబోధకుడి మాట మీద తొమ్మిది వందల మందికి పైగా చనిపోయారు. 1984లో అమెరికాలోని ఆరెగాన్‌లో రజనీష్ (ఓషో) అనుచరులు హోటళ్ల సలాడ్లలో సాల్మొనెల్లా అనే రోగక్రిమిని కలిపితే 751 మంది జబ్బుపడ్డారు. చదువు రక్షిస్తుందనుకునేవారికి చెబుతున్నాను, 1995లో టోక్యో మెట్రోలో సారిన్ వదిలిన ఓం షిన్రిక్యో అనే మత బృందంలో ఆ విషవాయువును తయారుచేసినవారు సైన్సు చదివినవారే. 2021లో మదనపల్లెలో కన్నబిడ్డలను చంపుకున్న తల్లిదండ్రులూ పాఠాలు చెప్పేవారే. గుడికి, చర్చికి, దర్గాకు, ఈ శిబిరానికి తేడా ఏమిటో ఎవరైనా చెప్పగలరా?

కాజీపేట జంక్షన్
నేను చెబుతాను. రెండేళ్లకోసారి మేడారం పోతాను, ఎత్తు బెల్లం ఇస్తాను, కోడిని కోసుకుని తిని ఇంటికొస్తాను. సమ్మక్క ఇప్పటిదాకా నా పట్టా పాసుబుక్కు అడగలేదు. ఒక జాతరకు పోకపోతే నన్ను నెగెటివ్ మనిషి అన్నవారూ లేరు. మా అత్తను ముంచినవారి మీద మీకంటే నాకే ఎక్కువ కోపముంది, కానీ మీ లెక్క ప్రకారం పోతే కాజీపేట దర్గా ఉర్సుకు పోయిన లక్షల మందినీ జిమ్ జోన్స్ పక్కన కూర్చోబెట్టాలి. అలా మాట్లాడితే ఈ తమ్ముడు మీ ముఖం చూస్తాడా?

నక్కలగుట్ట ధ్యాని
మదనపల్లె ఘటనలో ఏ సంస్థా లేదు, అది ఒక ఇంట్లో జరిగిన విషాదం. దాన్ని ఇక్కడికి తేవడం సరికాదు.

ములుగు రోడ్డు హేతువాది
సంస్థ లేకుండానే అంత జరిగితే, సంస్థ ఉంటే ఎంత జరుగుతుందో ఆలోచించండి. కాజీపేట సార్, మీ మేనత్త ఆ బృందంలోకి పోయింది మీలాంటి భక్తి ఇంట్లోంచే.

కాజీపేట జంక్షన్
మా అత్త మాట మళ్లీ ఎత్తితే మర్యాదగా ఉండదు.

నిర్వాహకుడు
ఇద్దరూ ఆపండి. ఇంటివారి ప్రస్తావనతో ఎత్తిపొడిచే వ్యాఖ్యలు ఇకపై తీసివేస్తాను.

గోదావరిఖని బొగ్గుబాయి
ఇంత చర్చ ఎందుకో నాకర్థం కాదు. మా షడ్డకుడు ఇలాగే ఒక ఆశ్రమం పట్టుకుని డ్యూటీకి నాగాలు పెడితే, నలుగురం పోయి కారులో ఎక్కించుకొచ్చి కొన్నాళ్లు ఇంట్లో పెట్టి తాళం వేశాము. ఇప్పుడు శుభ్రంగా డ్యూటీకి పోతున్నాడు. తమ్మీ, మీరూ అదే చేయండి.

జగిత్యాల వకీలు
బొగ్గుబాయి అన్నా, మీ షడ్డకుడు మంచివాడు కాబట్టి మీరు బయట ఉన్నారు. మేజరైన మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తే భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం, మీరు అన్నైనా, బావైనా ఒకటే. అమెరికాలో 1970లలో టెడ్ ప్యాట్రిక్ అనే అతను ఇలాగే ఎత్తుకొచ్చి మనసు మార్చే పని వృత్తిగా పెట్టుకుని జైలుకు పోయాడు. అటువంటి మరో కేసులో 1995లో వచ్చిన తీర్పుతో, కుటుంబాలకు సాయం చేస్తామన్న సంస్థ దివాలా తీసింది. మన దగ్గర కూడా 2024 అక్టోబరులో తమిళనాడు ఆశ్రమమొకదానిపై తన కూతుళ్లను నిర్బంధించారని ఒక తండ్రి వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్‌ను సుప్రీంకోర్టు మూసివేసింది, కూతుళ్లిద్దరూ మేజర్లని, ఇష్టంతోనే ఉన్నామని చెప్పారని.

ఇక పొలం. సివిల్ కోర్టులో నేను చూసినన్ని దానపత్రాల దావాలు ఈ చర్చలో మరెవరూ చూసి ఉండరు కాబట్టి శ్రద్ధగా చదవండి. కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్‌లో అనుచిత ప్రాబల్యం అనే మాట ఉంది. ఎదుటివాడి మనసును శాసించే స్థానంలో ఉన్నవాడు ఆ స్థానాన్ని వాడుకుని లాభం పొందితే ఒప్పందాన్ని రద్దు చేయించవచ్చు. 1890లో అలహాబాద్ హైకోర్టు మన్ను సింగ్ కేసులో, పరలోకంలో ఆత్మకు మేలు కలగాలని ఒక ముసలాయన తన ఆస్తి మొత్తం గురువుకు రాసిచ్చిన దానపత్రాన్ని ఈ సూత్రం మీదే కొట్టివేసింది. మీ తమ్ముడు పొలాన్ని నేరుగా సంస్థకు రాసిస్తే ఈ దారి ఉంది. కానీ మూడో మనిషికి న్యాయమైన ధరకు అమ్మి, ఆ డబ్బు తీసుకుపోయి ఫీజు కడితే కొన్నవాడి మీద ఈ సెక్షన్ పనిచేయదు. పంపకాలు అయ్యాయా, లేదా? ఉమ్మడిగా ఉంటే పార్టిషన్ (పంపకాల) దావా వేసి, అమ్మకుండా ఇంజంక్షన్ (కోర్టు నిలుపుదల ఉత్తర్వు) అడగవచ్చు.

పరకాల పత్తిచేను
పంపకాలు అయిపోయాయి సార్, వాడి పేరు మీదే పట్టా ఉంది.

జగిత్యాల వకీలు
అయితే చట్టంతో ఆపలేరు. అమ్మేదేదో మీరే కొనుక్కోగలరా, లేదా కౌలుకైనా తీసుకోగలరా చూడండి.

మంచిర్యాల అక్క
మూడో మెట్టు గురించి అడిగారు, ఎవరూ చెప్పలేదు. మీ తమ్ముడు చేరినది నేను పనిచేసినటువంటిదే అయితే, అక్కడ కొత్తగా నేర్పేదేమీ ఉండదు. మూడో మెట్టు అంటే డబ్బు కట్టి చేసే వెట్టి. సాయంత్రం ఆరింటికి ఆఫీసు వదిలి ఒక గదికి పోయేవాళ్లం. గోడ మీద మా పేర్ల పక్కన గళ్లు ఉండేవి, ఒకరిని చేర్పిస్తే పచ్చ చుక్క, చేర్పించలేకపోతే ఖాళీ. ఖాళీ గడి ఉన్నవాళ్లు లేచి నిలబడి, ఏ భయం వల్ల చేర్పించలేకపోయామో అందరికీ చెప్పాలి. మా చిన్నమ్మ కొడుకు పెళ్లికి పోయి పెళ్లికూతురి తరపువాళ్ల నంబర్లు రాసుకొచ్చాను నేను. ఫీజు ఎంత, ఫోను ఎక్కడ పెట్టారు అనేవి పెద్ద విషయాలు కావు. వద్దు అన్నప్పుడు ఆ వద్దు నీ లోపంగా మారిపోతుందా, లేదా అన్నదే చూడాలి. సుబేదారి తమ్మీ, నువ్వు ముగ్గురిని చేర్పించకుండా ఆగిపోతే నీతో ఎవరైనా మాట్లాడటం మానేశారా?

ఎలా మాట్లాడాలంటే, దాని గురించి మాట్లాడకండి. ఇంట్లో అందరూ నాతో వాదించి ఓడిపోయారు, ఎందుకంటే వాదనలకు జవాబులు మాకు ముందే నేర్పేవారు. మా అక్క మాత్రం ఆదివారం పూట ఫోను చేసి, మామిడికాయ తొక్కులో ఉప్పు ఎక్కువైంది ఏం చేయను, పిల్లవాడికి ఇంగ్లీషు వ్యాసం రాసిపెట్టు, ఇవే అడిగేది. ఆ సంస్థ పేరు ఆమె నోట నేను ఒక్కసారి వినలేదు. గోడ మీద నా గడి ఖాళీగా ఉన్న ఒక సాయంత్రం లేచి నిలబడలేక బయటికి వచ్చేస్తే, పోవడానికి ఆమె ఇల్లు ఉంది. మీ బాపుతో అనండి, పండుగకు రాలేదని అలగకుండా సకినాలు చేసి ఎవరిచేతనైనా పంపమని. పొలం గురించి వాడికి తెగేసి చెప్పవలసింది ఒక్కరే చెప్పాలి, అందరూ కలిసి కాదు.

సుబేదారి చదువరి
అక్కా, మా బ్యాచ్ గ్రూపులోంచి నన్ను తీసేశారు, నిజమే. కానీ అది శిక్షణ తప్పు కాదు, ఆ బ్యాచ్ లీడరు తీరు.

నక్కలగుట్ట ధ్యాని
ఈ ముక్క పొద్దున చెప్పి ఉంటే ఇంత రాసేవాళ్లమే కాదు.

గోదావరిఖని బొగ్గుబాయి
సకినాలు పంపితే మనుషులు మారుతారంటే మా ఊళ్లో ఇంకెవరూ చెడిపోయి ఉండేవారు కాదు.

మిత్తి లెక్కలు
ఫీజు సంగతి మిగిలిపోయింది. మనుషులను చేర్పిస్తే కమీషన్ ఇస్తున్నారా అన్నది ముందు తేల్చుకోండి. ఇస్తుంటే గొలుసుకట్టు పథకాలను నిషేధించే 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కిందికి వస్తుందేమో పోలీసులు చూడాలి. కమీషన్ లేకపోతే అది డబ్బు కట్టి తీసుకున్న సేవ, కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే ఫిర్యాదు నమోదు చేసి సంస్థకు పంపుతారు, చాలా కేసులు అక్కడే రాజీ అవుతాయి.

జగిత్యాల వకీలు
అది సరైన మాటే, కానీ ఫిర్యాదు చేయవలసింది డబ్బు కట్టిన తమ్ముడు, అన్న కాదు. ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది, అంటే ఇవాళే తగవు పెట్టుకోనవసరం లేదు. ఈలోగా రసీదుల ఫోటోలు, ఫోన్‌పే చెల్లింపుల వివరాలు దొరికితే దాచండి. డబ్బు సంస్థ ఖాతాలో పడిందా, ఎవరో ఒక మనిషి సొంత ఖాతాలో పడిందా చూసి ఇక్కడ రాయండి, దాన్ని బట్టి నోటీసు ఎవరి పేరు మీద ఇవ్వాలో చెబుతాను.